డ్రాయింగ్ బోర్డు నుంచి దర్బారు దాకా: రాజా దీన్ దయాళ్

ముందు ఒక పుస్తకం గురించి చెప్పుకుని, తర్వాత మనిషి దగ్గరికి వద్దాం. ఆ పుస్తకం తెలిస్తేనే ఈ మనిషి చేసిన పని ఏంటో సరిగ్గా అర్థమవుతుంది.

పుస్తకం పేరు ది పీపుల్ ఆఫ్ ఇండియా. 1868 నుంచి 1875 మధ్యలో లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. సంపాదకులు జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే. అందులో మొత్తం 468 ఫోటోలున్నాయి. ఇప్పట్లా ఫోటోని అక్షరాలతో పాటే అచ్చు వేసేసే సౌకర్యం అప్పుడు లేదు. ఒక్కో ఫోటోనీ విడిగా ప్రింటు తీసి పేజీకి అంటించాల్సిందే. అందుకే ప్రతులు చాలా తక్కువగా వేశారు. ఇప్పుడు ఎనిమిది సంపుటాలూ ఒకేచోట కనిపించడం గొప్ప విషయం.

ఈ పుస్తకానికి బీజం వేసింది అప్పటి గవర్నర్ జనరల్ కానింగ్ దంపతుల సరదా. ఇండియాలో ఉన్న గుర్తుగా ఇక్కడి మనుషుల ఫోటోలు దాచుకుందామని వాళ్ళు అనుకున్నారు. అంతలో 1857 తిరుగుబాటు వచ్చింది. దాంతో సరదా కాస్తా సర్కారీ పని అయిపోయింది. మనం ఏలుతున్న ఈ జనం ఎవరు, ఎవరిని నమ్మొచ్చు, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి అన్నది తెల్ల దొరలకి పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. అందుకే ఆ పుస్తకంలో ఫోటో పక్కన మనిషి పేరు ఉండటం తక్కువ. అతనిది ఏ కులం, ఏ తెగ, ఏ ఊరివాళ్ళు, వీళ్ళ స్వభావం ఎలాంటిది, సర్కారుకి విధేయులా కాదా అన్న వివరాలే ఎక్కువ. ఎదురుగా కూర్చున్నది ఒక మనిషి, పేజీ మీదకి వచ్చేసరికి అతను ఒక నమూనా. మన ల్యాబ్‌లో శాంపిల్ డబ్బా మీద లేబుల్ అంటిస్తాం చూడండి, దాదాపు అలాగే.

సరిగ్గా ఆ సంపుటాలు వస్తున్న రోజుల్లోనే, ఇండోర్‌లో ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఆఫీసు పని అయ్యాక కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆయనే దీన్ దయాళ్. తర్వాత మన హైదరాబాద్‌కి వచ్చి రాజా దీన్ దయాళ్ అయ్యారు. ఆయన కెమెరా ముందు కూడా వేలమంది కూర్చున్నారు. కానీ చాలామంది వాళ్ళంతట వాళ్ళు, తమ ఫోటో తమకి కావాలని వచ్చి కూర్చున్నారు. ఈ ఒక్క తేడాని మనసులో పెట్టుకుని ఆయన కథ చదవండి.

రూర్కీ కుర్రాడు

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. జైనుల కుటుంబం, ఇంట్లో నగల వ్యాపారం. సర్ధనా చిన్న ఊరే అయినా చరిత్రలో పేరున్నదే. ఒకప్పుడు బేగం సమ్రూ ఏలిన చోటు అది. 1857 మే 10న తిరుగుబాటు మొదలైంది పక్కనున్న మీరట్‌లోనే. అప్పటికి దీన్ దయాళ్‌కి పన్నెండు, పదమూడేళ్ళు ఉంటాయి. అంటే పైన చెప్పిన పుస్తకాన్ని సర్కారీ పనిగా మార్చేసిన ఆ సంఘటన, ఈ కుర్రాడి గుమ్మం ముందే జరిగిందన్నమాట.

నగల ఇంట్లో పుట్టినా ఆయన నగల దారి పట్టలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. ఈ కాలేజీ గురించి మనకి ఎంతో కొంత తెలిసే ఉంటుంది, ఎందుకంటే అదే ఈనాటి ఐఐటీ రూర్కీ. 1847లో మొదలైంది. గంగా కాలువ తవ్వకానికి ఇంజనీర్లు, ఓవర్సీర్లు, సర్వేయర్లు కావాల్సి వచ్చి పెట్టిన కాలేజీ అది. అక్కడ లెక్కలతో పాటు సర్వే, డ్రాయింగ్, ఎస్టిమేషన్ నేర్పేవారు. మన సివిల్ వాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటూ చేసే సబ్జెక్టులే.

1866లో చదువు ముగించుకుని ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ సచివాలయంలో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. మంచి సర్కారు కొలువు. నెల తిరిగేసరికి జీతం, చివర్లో పింఛను. ఇవాళ ఇంట్లో వాళ్ళు ఏ ఉద్యోగం చూసి స్థిరపడ్డాడు అంటారో సరిగ్గా అలాంటిదే. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. రోడ్లకీ వంతెనలకీ బిల్డింగులకీ నక్షాలు గీయడం, ఖర్చు లెక్కగట్టడం ఆయన పని.

కెమెరా ఆయన జీవితంలోకి వచ్చింది 1870ల మధ్యలో. అంటే ముప్ఫై ఏళ్ళ వయసులో.

అప్పట్లో ఫోటో అంటే

ఇప్పుడు ఫోన్ తీసి నొక్కితే ఫోటో. అప్పుడు ఫోటో అంటే ఒక చిన్న కెమిస్ట్రీ ప్రాక్టికల్. 1851లో వచ్చిన వెట్ ప్లేట్ పద్ధతే ఆ రోజుల్లో అందరూ వాడేది. అద్దం పలక మీద కొల్లోడియన్ అనే జిగట ద్రవాన్ని సమంగా పరిచి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. ఆ పలక తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, తడి ఆరకముందే డెవలప్ చేయాలి. ఆరిపోతే పని చెడిపోయినట్టే. ఏప్రిల్ ఎండల్లో మధ్య భారతంలో ఒక పాడుబడిన కోట ముందు నిలబడి ఈ పని చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కెమెరా, ముక్కాలి పీట, పెట్టెల నిండా అద్దాలు, సీసాల్లో రసాయనాలు, చీకటి గుడారం, ఇవన్నీ మోయడానికి మనుషులు, బళ్ళు. 1880ల నాటికి ముందే తయారుచేసి అమ్మే డ్రై ప్లేట్లు రావడంతో ఈ కష్టం చాలా తగ్గింది. దీన్ దయాళ్ వృత్తి ఊపందుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

ఇంకో సంగతి. నెగటివ్‌ని ఇప్పట్లా ఎన్‌లార్జ్ చేయడం అప్పటికి మామూలు పని కాదు. గుడ్డులోని తెల్లసొన పూసిన కాగితం మీద అద్దం నెగటివ్‌ని ఆనించి ఎండలో పెట్టేవారు. ఎండే ప్రింటర్. అంటే ఎంత పెద్ద ఫోటో కావాలంటే అంత పెద్ద అద్దం మోయాలి, అంత పెద్ద కెమెరా ఉండాలి. ఆ కాలపు పెద్ద ఫోటోల్లో ఇప్పటికీ కోట గోడలో ఒక్కో రాయీ లెక్కపెట్టేంత స్పష్టత ఉండటానికి ఒక కారణం ఇదే.

ఇక్కడ మన రూర్కీ చదువు అక్కరకొచ్చింది. మనం ఫోన్ పైకెత్తి ఎత్తైన బిల్డింగుని తీస్తే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరికి వాలిపోతాయి కదా. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో లెన్సు ఉన్న పలకని పైకి జరిపి ఈ వాలుని పోగొట్టొచ్చు. ఎంత జరపాలో తెలియాలంటే నిలువు గీత నిలువుగా ఉండటం విలువ తెలిసిన కన్ను కావాలి. పగలంతా ఎలివేషన్లు గీసే మనిషికి అది వేరే నేర్పాలా? దీన్ దయాళ్ తీసిన కట్టడాల ఫోటోల్లో స్తంభాలు నిటారుగా, మెట్లు లెక్కకి అందేలా, గోడల కొలత కంటికి తెలిసేలా ఉంటాయి. కొలత అర్థం కావడానికి చాలాచోట్ల ఒక మనిషిని కట్టడం పక్కన నిలబెట్టడం ఆ కాలపు ఫోటోగ్రాఫర్ల అలవాటు. మనం సైట్ ఫోటోలో స్కేలు పెట్టినట్టే. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇండోర్ నుంచి గుర్తింపు

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావ్ హోల్కర్ ఆయన పని చూసి ప్రోత్సహించాడు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీకి పరిచయం చేశాడు. ఇండోర్‌లో ఇప్పటికీ ఉన్న డేలీ కాలేజీ ఈయన పేరు మీదే. ఆ పరిచయాలతో 1875-76లో వేల్స్ యువరాజు ఇండియా పర్యటనకి వచ్చినప్పుడు ఫోటోలు తీసే అవకాశం దీన్ దయాళ్‌కి దక్కింది. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూనే ఇదంతా.

డేలీ తర్వాత ఆ పదవిలోకి సర్ లెపెల్ గ్రిఫిన్ వచ్చాడు. ఆయన 1882-83లో బుందేల్‌ఖండ్ పర్యటనకి వెళుతూ దీన్ దయాళ్‌ని వెంట తీసుకెళ్ళాడు. ఆ ఫోటోలతో 1886లో ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా అన్న పెద్ద పుస్తకం వచ్చింది. గ్వాలియర్ కోట, సాంచీ స్తూపం లాంటి కట్టడాలన్నీ అందులో ఉన్నాయి. రచయితగా పేరు గ్రిఫిన్‌ది. కానీ ఇవాళ ఆ పుస్తకం దొరికితే ఎవరైనా ముందు తిప్పి చూసేది బొమ్మలే. అవి దీన్ దయాళ్‌వి.

ఈ దశలో ఆయన ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారు. ముందు ఆఫీసుకి సెలవు పెట్టారు, తర్వాత ఉద్యోగమే మానేసి పూర్తిగా ఫోటోగ్రఫీలోకి దిగారు. వయసు నలభై దాటింది. ఇద్దరు కొడుకులు, జ్ఞానచంద్, ధరమ్‌చంద్. సర్కారు కొలువు వదిలి, అప్పటికి చాలామంది సరిగ్గా వృత్తిగా కూడా లెక్కపెట్టని పనిలోకి దిగడం చిన్న విషయం కాదు. అయితే మనవాళ్ళు సినిమాల్లో చూపించినట్టు ఒక్కరోజులో కాగితం విసిరేసి వెళ్ళిపోలేదు. పదేళ్ళు పక్కపనిగా చేసి, చేయి తిరిగి, ఖాతాదారులు కుదిరి, పేరు వచ్చాకే వదిలారు. ఎస్టిమేటర్ కదా, లెక్క చూసుకునే దిగారు.

నిజాం కొలువు

అప్పటికి హైదరాబాద్‌లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొత్తగా పూర్తి అధికారాలు చేపట్టాడు. 1866లో పుట్టిన ఆయనకి 1884లో అధికారం చేతికొచ్చింది. అంటే మనలో చాలామంది వయసే. వేట, కొత్త వస్తువులు, ఆడంబరం అంటే ఇష్టం. 1885లో దీన్ దయాళ్‌ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకున్నాడు. అదే రోజుల్లో వైస్రాయ్ కూడా ఆయన్ని తన ఫోటోగ్రాఫర్‌గా గుర్తించాడు. తర్వాత విక్టోరియా మహారాణి నుంచి కూడా అలాంటి గుర్తింపు వచ్చింది. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు.

సికింద్రాబాద్ ఎందుకు అంటే, కంటోన్మెంట్ అక్కడే. ఇంగ్లీషు సైనికాధికారులు, వాళ్ళ కుటుంబాలు, రైల్వే వాళ్ళు, వ్యాపారులు అందరూ అక్కడే. కాస్త దూరంలో నిజాం దర్బారు, పాయిగా నవాబుల దేవిడీలు. రెండు రకాల ఖాతాదారులూ చేతికందే చోటు. ఆనాటి హైదరాబాద్‌లో రాజభవనాలు, దర్బార్లు, పెళ్ళిళ్ళు, విందులు, సైనిక కవాతులు, వేట శిబిరాలు అన్నీ ఆయన కెమెరాకి ఎక్కాయి. చౌమహల్లా, వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా, తర్వాతి కాలంలో నేలమట్టమైపోయిన బషీర్‌బాగ్ ప్యాలెస్ లోపలి గదులు అప్పుడు ఎలా ఉండేవో ఈరోజు మనకి తెలుస్తోందంటే చాలావరకు ఆయన పుణ్యమే. ఇప్పుడు బషీర్‌బాగ్ అంటే మనకి గుర్తొచ్చేది ఫ్లైఓవరూ ట్రాఫిక్కూ. ఆ పేరు వెనక నిజంగా ఒక బాగ్, ఒక ప్యాలెస్ ఉండేవని నమ్మాలంటే ఆ ఫోటోలు చూడాలి.

1894లో నిజాం ఆయనకి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు, జంగ్ అంటే యుద్ధం. నిజాం కొలువులో సేనాపతులకీ దివాన్లకీ ఇచ్చే తరహా బిరుదు ఒక ఫోటోగ్రాఫర్‌కి దక్కింది. అంతకు ముందు ఏడాది, 1893లో, చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకి బహుమతి వచ్చింది. అదే ఊళ్ళో అదే ఏడాది వివేకానందుడి ప్రసంగం గురించి మనందరికీ తెలుసు. సికింద్రాబాద్ స్టూడియో ఫోటోలు కూడా అప్పుడు అక్కడున్నాయని మాత్రం ఎక్కువమందికి తెలీదు.

గోడల వెనక స్టూడియో

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 1892 నాటి సంగతి. ఆ ఏడాది హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో పెట్టారు. దాన్ని జెనానా స్టూడియో అనేవారు.

పరదా పాటించే కుటుంబాల్లో ఆడవాళ్ళు పరాయి మగవాడి ఎదుట పడేవారు కాదు. మరి కెమెరా వెనక ఉన్నది పరాయి మగవాడే కదా. అందుకని చుట్టూ ఎత్తైన గోడలు కట్టి, లోపల ఫోటో తీసే పనిని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకి అప్పగించారు. లోపల అంతా ఆడవాళ్ళే. ఇందులో వ్యాపారం తెలివి ఉంది, కాదనలేం. సగం జనాభా స్టూడియోకి రాలేకపోతే వచ్చేలా ఏర్పాటు చేయడం ఏ వ్యాపారికైనా లాభమే. కానీ వ్యాపారం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అప్పటిదాకా ఆ ఆడవాళ్ళ ముఖాలు వాళ్ళ ఇంటి గోడలు దాటి ఎక్కడా నమోదు కాలేదు. ఇక్కడ మాత్రం ఏ చీర కట్టుకోవాలి, ఏ నగలు పెట్టుకోవాలి, ఎలా కూర్చోవాలి అన్నది చాలావరకు వాళ్ళ చేతిలో పని. ఆ ఫోటో ఎవరు చూడాలన్నది కూడా ఆ ఇంటి నిర్ణయమే.

ఇప్పుడు ది పీపుల్ ఆఫ్ ఇండియాని దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ ఫోటో అడిగింది సర్కారు. కూర్చున్నవాడికి ఆ పుస్తకం కంటపడే అవకాశమే లేదు. లండన్‌లో ఎవరో తనని ఏ గడిలో పెట్టారో అతనికి తెలియదు. ఇక్కడ ఫోటో అడిగింది కూర్చున్న మనిషే. డబ్బులిచ్చారు, ప్రింటు ఇంటికి తీసుకెళ్ళారు, గోడకి తగిలించుకున్నారు. కెమెరా ఒకటే, అద్దం ఒకటే, సిల్వర్ నైట్రేట్ కూడా అదే. ఎవరు అడిగారు అన్నది మారేసరికి బొమ్మ అర్థం మొత్తం మారిపోయింది.

దీన్ దయాళ్ ఈ తేడాని ఏదో ఉద్యమంలా తెచ్చారని కాదు. ఆయన వ్యాపారి, ఆస్థాన ఉద్యోగి. తెల్ల దొరలతో ఆయనకి గొడవ లేదు, వాళ్ళు ఆయనకి మంచి ఖాతాదారులు. కానీ నగల వ్యాపారుల ఇంటి నుంచి వచ్చి, దేశీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ఒక భారతీయుడు కెమెరా వెనక నిలబడటమే ఒక మార్పు. నవాబుకి తలపాగా ఎలా ఉండాలో, దర్బారులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, పెళ్ళిలో ఏ ఘట్టం ముఖ్యమో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఫ్రేముకి బయట

అలాగని ఆయన ఫోటోల్లో అందరికీ ఒకే మర్యాద దక్కిందా అంటే, లేదు. ఇది కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటకి వెళ్ళాడు. కర్జన్, ఆయన భార్య మేరీ చచ్చిన పులి వెనక నిలబడిన ఫోటో చరిత్ర పుస్తకాల్లో మీరూ చూసే ఉంటారు. ఇంగ్లీషు పాలన గురించి ఏ వ్యాసం వేసినా ఆ బొమ్మ పక్కన కనిపిస్తుంది. అది దీన్ దయాళ్ స్టూడియో ఫోటోయే. మన తెలుగు గడ్డ మీద తీసింది. ఫ్రేము నిండా ఆ ఇద్దరూ, కింద పులి. వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. పులి జాడ చూసేవాళ్ళు, డప్పులు కొట్టి పొదల్లోంచి తోలేవాళ్ళు, మంచె కట్టేవాళ్ళు, చివరికి పులిని మోసుకొచ్చేవాళ్ళు, ఇంతమంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉంటేనే దొర వేట సాగేది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇంకో రకం ఫోటోలు ఉన్నాయి. 1890ల చివర్లో, 1900 ప్రాంతంలో దక్కన్‌లో కరువు వచ్చింది. నిజాం ప్రభుత్వం ఔరంగాబాద్ వైపు కరువు పనులు పెట్టింది. రోడ్డుకి కంకర కొట్టడం, చెరువులు తవ్వడం లాంటివి. ఆ పనుల్ని దీన్ దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది. ఆడా మగా పిల్లా పెద్దా వరసగా కూర్చుని రాళ్ళు కొడుతున్న బొమ్మలు అవి. ఉద్దేశం ప్రభుత్వం చేస్తున్న మంచి పని చూపించడం. మనుషులు బక్కచిక్కి ఉన్నారు, ఎండలో కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ తమ ఫోటో తీయమని అడగలేదు. ప్రింటు కూడా వాళ్ళ చేతికి రాలేదు. ఇక్కడ అడిగింది మళ్ళీ సర్కారే, కాకపోతే లండన్ సర్కారు కాదు, హైదరాబాద్ సర్కారు.

అంటే కెమెరా మన మనిషి చేతికి వచ్చినంత మాత్రాన కూర్చున్న ప్రతివాడికీ పేరు రాలేదు. డబ్బు ఇచ్చిన వాళ్ళకీ, హోదా ఉన్న వాళ్ళకీ వచ్చింది. సాంచీ స్తూపం పక్కన కొలత కోసం నిలబడ్డ మనిషికీ, ఔరంగాబాద్‌లో కంకర కొట్టిన మనిషికీ రాలేదు. దీన్ దయాళ్ చేసిన పనిని మెచ్చుకోవడానికి ఈ మాట దాచాల్సిన అవసరం లేదు. పైగా ఈ మాట కూడా మనకి ఆయన ఫోటోల వల్లే తెలుస్తోంది. పేరు రాయకపోయినా ముఖం మిగిలింది. నిజాం కట్టించిన భవనాల మీద రాసిన పుస్తకాలు బోలెడు. కంకర కొట్టిన ఆమె కళ్ళు మాత్రం ఆ అద్దం పలక మీదే ఉన్నాయి.

చివరి రోజులు, తర్వాత

1896లో బొంబాయిలో కూడా పెద్ద స్టూడియో తెరిచారు. అప్పటికి ఆయన సంస్థలో చాలామంది పనిచేసేవారు. తీసేవాళ్ళు, ప్రింటు వేసేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు. కాబట్టి దీన్ దయాళ్ ఫోటో అంటే ప్రతిసారీ ఆయన చేత్తోనే తీసింది అనుకోకూడదు. అది ఒక స్టూడియో ముద్ర. కొడుకులు కూడా అదే పనిలో చేయి కలిపారు. 1903లో ఢిల్లీ దర్బారుని కూడా ఆ స్టూడియో కెమెరాలు తీశాయి.

అయితే కాలం మారుతోంది. 1888లోనే కొడాక్ చేతిలో పట్టుకునే చిన్న కెమెరా తెచ్చింది. నొక్కితే చాలు, మిగతాది కంపెనీ చూసుకుంటుంది. ఫోటో తీయడానికి కెమిస్ట్రీ తెలియాల్సిన రోజులు పోతున్నాయి. పెద్ద స్టూడియోల గొప్ప మెల్లగా తగ్గడం మొదలైంది. 1905 జూలై 5న బొంబాయిలో దీన్ దయాళ్ కన్నుమూశారు. కుటుంబం స్టూడియోని నడిపించింది కానీ పాత వైభవం తిరిగి రాలేదు.

అద్దం నెగటివ్‌లంటే ఎంత సున్నితమో తెలుసు కదా. చేయి జారితే ముక్కలు, తేమ తగిలితే పొర లేచిపోతుంది. వేల పలకల్లో చాలా పోయాయి. మిగిలినవాటిలో 2,857 పలకల్ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుక్కుని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరు మీద స్టాంపు వేసింది. అదే ఏడాది మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయన ఫోటోల ప్రదర్శన కూడా జరిగింది.

మన ఇంజనీరింగ్ వాళ్ళకి దీన్ దయాళ్ కథని ఉద్యోగం మానేసి ఇష్టమైన పని చేసిన హీరో కథలా చెప్పడం తేలిక. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అంతకన్నా పెద్దది. డ్రాయింగ్ బోర్డు ముందు నేర్చుకున్న చదువుని ఆయన వదిలిపెట్టలేదు, కెమెరాలోకి తెచ్చుకున్నారు. ఒక కాలంలో మనుషుల్ని కులాలుగా, తెగలుగా గడుల్లో సర్దడానికి వాడిన యంత్రాన్ని, మనుషులు తమని తాము చూసుకునే యంత్రంగా వాడి చూపించారు. అందరి విషయంలోనూ చేయలేకపోయారు, చేసినంత మేరకు అది మిగిలింది.

మన ఫెస్టుల్లో, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుల్లో, ఇండస్ట్రియల్ విజిట్లలో రోజుకి వందల ఫోటోలు తీస్తాం. క్యాంపుకి వెళ్ళిన ఊళ్ళో అవ్వతో, సైట్‌లో తాపీమేస్త్రీతో, మెస్‌లో వంటవాళ్ళతో దిగుతాం. కాలేజీ పేజీలో పెట్టేటప్పుడు మన పేర్లు ట్యాగ్ చేస్తాం, వాళ్ళని గ్రామస్థులు, కార్మికులు, సిబ్బంది అని రాసేస్తాం. ఇది ది పీపుల్ ఆఫ్ ఇండియా పద్ధతే. ఈసారి క్యాంపుకి వెళ్ళే జూనియర్స్ ఫోటో తీసేముందు అవ్వా, తీయమంటావా అని ఒకసారి అడగండి. ఆమె సరే అంటే పేరు కనుక్కుని కింద రాయండి. వీలైతే ఒక ప్రింటు తీసి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె చేతికి ఇవ్వండి. ఇప్పుడు ప్రింటు తీయడానికి తెల్లసొనా అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. పది, ఇరవై రూపాయల్లో అయిపోతుంది.